ఆ పాటలో నికైదో చెయ్యి

రెండు వేల మూడులో హైస్కూల్లో చదివినవాళ్ళలో “ఆఖరి బస్సు పోనీ” నోటికి రానివాళ్ళు ఉండరు. ఆ ఏడు ప్రతి స్కూలు పండక్కీ నలుగురు పిల్లలు గిటార్లు తగిలించుకుని జిమ్నాజియంలో అదే పాట అరిచారు. డబ్బిచ్చి పాడుకునే కరావోకే గదుల్లో అదే, నది గట్టు మీద సైకిళ్ళు తొక్కుకుంటూ అదే. పాట అనడం నా మంచితనం. మూడు స్వరాలు, ఒక పరుగు, గొంతు చిరిగిపోయే కేక, అంతే. అయినా ఆ కేకలో ఏదో ఉంది, కాదనను. పదహారేళ్ళ వయసులో ఎవరికీ చెప్పుకోలేని కుళ్ళంతా ఒక్కసారి కక్కేసినట్టు ఉండేది.

పాడింది ఉవాబాకి అనే బ్యాండు. నలుగురూ మా రేవు ఊరు కుషిరో పిల్లలే. స్కూల్లోపల వేసుకునే తెల్ల గుడ్డబూట్ల పేరే బ్యాండుకి పెట్టుకుని, స్టేజీ మీదికి కూడా అవే వేసుకుని వచ్చేవాళ్ళు, మడమలు అణగదొక్కి.

ఆ పాటలో మూడో చరణం అయ్యాక ఒక చోటుంది. గిటార్లు, డ్రమ్ములు అన్నీ టక్కున ఆగిపోతాయి. పాడే కుర్రాడు వతారు గొంతు ఒక్కటే మిగిలి, పెద్దదై, మన పక్కనే నిలబడి చెప్తున్నట్టు వినిపిస్తుంది. “పోతే పోనీ, నడిచే పోదాం.” అక్కడ వినేవాళ్ళు రెండు చేతులూ పైకెత్తుతారు. అటు దక్షిణాన ఒకినావా నుంచి ఇటు ఉత్తరాన మా దాకా ప్రతి హాల్లోనూ ఎత్తారు. ఆ చోటు ఎవరు కనిపెట్టారని పత్రికలవాళ్ళు అడిగితే వతారు నవ్వి ఊరుకునేవాడు. అది పుట్టింది మా హాల్లో, నికైదో యొషినొరి అనే మనిషి బొటనవేలి కింద. ఇదంతా అతని గురించి చెప్పడానికే.

మా హాలు పేరు ఫురో, అంటే స్నానం. పేరుకు తగ్గట్టే ఒకప్పుడు ఊరి స్నానాలశాల. జనం ఇళ్ళల్లోనే తొట్లు కట్టించుకోవడం మొదలెట్టాక ఓనరు స్నానాల తొట్టి పూడ్పించి, దాని మీద స్టేజీ కట్టాడు. చెప్పులు పెట్టుకునే అరల దగ్గర నా కౌంటరు. లోపలికొచ్చే ప్రతి మనిషి చేతిలో ఒక టోకెన్ ఉంటుంది, అది నాకిస్తే నేనొక గ్లాసు ఇస్తాను. పంతొమ్మిదేళ్ళు ఇచ్చాను. నేను చేరేసరికే నికైదో హాలు వెనక మిక్సర్ ముందు కూర్చుని ఉన్నాడు. ఎవరి గొంతు ఎంత వినబడాలి, ఏ గిటారు ఎంత మోగాలి అన్నది అతని చేతి కింది మీటల్లో ఉండేది. పైకి తోస్తే పెరుగుతుంది, వెనక్కి లాగితే తగ్గుతుంది. వాళ్ళ నాన్నది రేడియోలు బాగుచేసే కొట్టు. పలక పట్టకముందే టంకం వేయడం నేర్చుకున్నానని గొప్పలు చెప్పుకునేవాడు.

హాలు గోడలకి ఇంకా ఆ పాత స్నానాల టైల్సే ఉండేవి. టైల్స్ మధ్య మైకు పెడితే కూత పెట్టకుండా ఉంటుందా. మైకులో పడిన చప్పుడు స్పీకర్లోంచి బయటికొచ్చి, మళ్ళీ మైకులోనే పడి, అలా తిరిగి తిరిగి కీచుమని లేస్తుంది చూడండి, ఆ కూత. దాన్ని ఆపడానికి నికైదో ఇల్లిల్లూ తిరిగి పాత పరుపులు అడిగి తెచ్చి గోడలకి మేకులు కొట్టాడు. వాటిల్లో ఒకటి వాళ్ళ నాన్న చివరిదాకా పడుకున్నది. “ఇప్పటికైనా నాన్న ఒక పనికి పనికొచ్చాడు” అన్నాడు, మేకు కొడుతూ.

నోరు మంచిది కాదు అతనిది. పాడేవాళ్ళు మైకు తలకాయని గుప్పిట్లో మూసి పట్టుకుంటే లేచి నిలబడేవాడు. “వదలరా దాన్ని. అదేమన్నా నీ పిల్ల చెయ్యా? మూసేకొద్దీ ఇంకా అరుస్తుంది.” నా బీరు ఫ్రిజ్‌కీ అతనికీ అసలు పడేది కాదు. అది సన్నగా ఈలవేసినట్టు ఏదో మోత చేసేదట. నాకెప్పుడూ వినబడలేదు. అతను మాత్రం రిహార్సల్ మధ్యలో లేచి, గబగబా వచ్చి, ఫ్రిజ్‌ని పక్కనుంచి ఒక్క తన్ను తన్ని, నన్నొక చూపు చూసి పోయేవాడు.

“దాని మానాన అది పడుంది, దాని మీద పడతావేంటి?” అంటే, “నీకు చెవులు అలంకారానికి, తోమొయె” అనేవాడు.

ఫ్రిజ్ కుడివైపు సొట్ట అలా పడిందే.

ఉవాబాకి పిల్లలు మొదటిసారి మా హాలుకొచ్చింది రెండు వేల ఒకటి శీతాకాలంలో. వినడానికి వచ్చినవాళ్ళు నలభైమంది, అందరూ ఒకే స్కూలు. మూడో చరణం అయ్యేసరికి గిటార్ల చప్పుడు పెంచే యాంప్ చచ్చిపోయింది. భయపడి డ్రమ్ముల కుర్రాడు గెంతా కూడా ఆగిపోయాడు. వతారు ఒక్కడే ఆపడం తెలియక పాడుతూ ఉన్నాడు, గొంతు వణుకుతోంది. అప్పుడు నికైదో బొటనవేలితో వతారు గొంతు మీటని నెమ్మదిగా పైకి తోశాడు. ఆ వణుకు హాలంతా నిండింది. ఆ నలభైమంది పిల్లలూ, ఎవరు ముందు ఎత్తారో తెలియదు, చేతులు పైకెత్తి వాడితోపాటు పాడారు.

షో అయ్యాక ఆ నలుగురూ వచ్చి మిక్సర్ ముందు నిలబడ్డారు. “బాబాయ్, రేపటినుంచి అక్కడ మేమే ఆపేస్తాం. నువ్వు ఇలాగే ఎత్తు” అన్నాడు వతారు.

“యాంప్ బాగుచేయించుకోండ్రా ముందు” అన్నాడు నికైదో. కానీ ఆ రోజు ఇంటికెళ్తూ నాతో మూడుసార్లు అన్నాడు, పిల్లలు భలే ఎత్తారు కదా చేతులు, అని.

రెండేళ్ళకి వాళ్ళు తోక్యో వెళ్ళిపోయారు. పాట దేశమంతా పాకింది. నికైదో ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు. కొత్త బ్యాండు పిల్లలెవరైనా ఆ పాటే వాయించి మూడో చరణం దగ్గర ఆపితే మాత్రం, అతని వీపు కొంచెం నిటారుగా అయ్యేది. కౌంటరు దగ్గర్నుంచి నాకు కనిపించేది.

ఇక అసలు సంగతి. రెండు వేల ఐదు జనవరిలో నా ఫ్రిజ్ నిజంగానే చెడింది. దాని ఈల ఎంతకి పెరిగిందంటే, చెవులు అలంకారానికున్న నాకే తల నొప్పెట్టేది. టోకెన్ పట్టుకొచ్చిన పిల్లలు ఒక చెవి మూసుకుని గ్లాసు తీసుకునేవాళ్ళు. నికైదో లేవలేదు. తన్నలేదు. మూడు రోజులు చూశాను. నాలుగోరోజు అతని వెనక నిలబడి, “నీ ప్యాంటు వెనకాల చిరిగింది” అన్నాను. మీటల కింద పేర్ల టేపు అంటించుకుంటూ ఉన్నాడు. “నికైదో, నీ ప్యాంటు చిరిగి లోపలంతా కనబడుతోంది.” ఇంకో టేపు ముక్క చింపాడు.

నేను చుట్టూ తిరిగి ముందుకెళ్ళాను. నా నోరు కదలడం చూసి, “గుడ్ మార్నింగ్” అన్నాడు.

మా హాళ్ళలో అదొక మర్యాద. మధ్యాహ్నం రెండైనా సాయంత్రం ఆరైనా, ఆ రోజుకి మొదటిసారి కలిస్తే గుడ్ మార్నింగే. కానీ ఆ రోజు గంట క్రితమే మేం ఆ మాట అనుకున్నాం.

గోడవారకి లాక్కెళ్ళి, ముఖం ముఖం పెట్టి అడిగాను. దగ్గర్లో, నిదానంగా మాట్లాడితే పెదాలు చూసి పట్టుకోగలుగుతున్నాడు.

“ముందు సీగల్ పిట్టలు పోయాయి” అన్నాడు. “మూడేళ్ళ క్రితం హార్బర్‌లో నిలబడితే అవి నోళ్ళు తెరుస్తున్నాయి, చప్పుడు లేదు. అలిసిపోయాయేమో అనుకున్నా. తర్వాత టెలిఫోను. తర్వాత ఆడవాళ్ళ గొంతులు. నీది పోయి ఏడాదైంది.”

“మరి ఏడాదిగా నాతో మాట్లాడింది ఎవరు?”

“నువ్వు రోజూ అవే తిట్లు కదా తిట్టేది. కంఠతా వచ్చు.”

నాకు నవ్వు వచ్చింది, వెంటనే ఏడుపు వచ్చింది. “ఇంకేం మిగిలింది?”

“పొగమంచు రోజుల్లో ఓడల హారన్. పెద్ద డ్రమ్ము. రెండూ ఇక్కడ” అని గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు.

అప్పుడు అర్థమైంది, మూడేళ్ళు ఎలా నెట్టుకొచ్చాడో. మా పనిలో మాటలన్నీ వేదంలా ఒకే వరసలో ఉంటాయి. వచ్చిన బ్యాండు గుడ్ మార్నింగ్ అంటుంది, తనూ అంటాడు. పెద్ద డ్రమ్ము కొట్టమంటాడు, కొడతారు, తర్వాత చిన్నది. స్టేజీ మీద తమ గొంతు ఎక్కువ కావాలంటే వేలు పైకి చూపిస్తారు, తక్కువ కావాలంటే కిందికి. చివర్లో వాళ్ళు “షోలో మీ దయ” అంటారు, ఇతను “మాదేముంది, మీ దయ” అంటాడు. ఒక్క ముక్క వినకుండా అంతా అయిపోతుంది. మీటలు ఎక్కడుండాలో చేతికి తెలుసు, మిగతాది మిక్సర్ మీద ఊగే సూదులు చూసి పట్టుకుంటాడు.

“కూత పెడితే?” అన్నాను.

మిక్సర్ వైపు చూశాడు. కూతకి సూది ఊగడం, పాటకి సూది ఊగడం ఒక్కలాగే ఉంటాయి. సప్పొరోలో చెవుల డాక్టరు, ఇన్నేళ్ళు స్పీకర్ల ముందు కూర్చుంటే ఇంతేననీ, పోయింది తిరిగి రాదనీ కాగితం మీద రాసి చూపించాడట.

“ఓనరుకి చెప్పు నికైదో.”

“చెప్తే ఇంటికి పొమ్మంటాడు. ఇంట్లో ఏముంది?” మూతపడ్డ కొట్టు, పైన ఒక గది. పెళ్ళి లేదు, పిల్లల్లేరు. “నాన్న బాగుచేసిన రేడియో ఒకటుంది. దాన్ని పెట్టుకుని చూస్తూ కూర్చోనా?”

నేను అప్పుడే వెళ్ళి ఓనరు చెవిన వేయాల్సింది. వేయలేదు. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నన్ను నేనే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

ఏప్రిల్‌లో కౌంటరు ఫోన్ మోగింది. వతారు.

“అక్కా, బాబాయ్‌ని పిలువు.”

“పనిలో ఉన్నాడు, నాకు చెప్పు” అన్నాను. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో.

“మే నెలలో మీ దగ్గర ఒక షో చేస్తున్నాం. ఊరి పిల్లల కోసం. సౌండు బాబాయే చెయ్యాలి. మాతో తిరిగే సౌండువాణ్ణి ఆ పూట పీతలు తినమని హార్బర్‌కి పంపించేస్తా. అక్కా, ఆ చోటు ఎవరెత్తినా సరిగ్గా లేవట్లేదు. వాళ్ళు లెక్కపెట్టుకుని ఎత్తుతారు. బాబాయ్ వేలు కావాలి.”

ఆ మాటలన్నీ కాగితం మీద రాసి ఇచ్చాను. నికైదో చదివి, మళ్ళీ చదివి, మడతపెట్టాడు. ముఖం చిన్నపిల్లాడిలా అయిపోయింది.

“ఈ ఒక్కటీ చేసి మానేస్తా. మర్నాడు నేనే ఓనరుకి చెప్తా.”

“ఆ పిల్లలకి నిజం చెప్పు. వాళ్ళేమీ అనుకోరు.”

“అదే నా భయం. ఏమీ అనుకోరు. జాలిపడతారు.”

నేను కుదరదన్నాను. అప్పుడతను నా కౌంటరు ముందు, బీరు చింది జిగటగా ఉన్న నేల మీద మోకాళ్ళు వేసి, రెండు చేతులూ ఆనించి, నుదురు నేలకి తాకించాడు. యాభై ఆరేళ్ళ మనిషి. పదహారేళ్ళుగా నన్ను వెక్కిరించినవాడు. “లే, పాడు మనిషీ, లే” అంటూ భుజం పట్టి లాగాను. అతనికి నా మాటలు వినబడవు కదా, అలాగే ఉండిపోయాడు. ఆఖరికి భుజం మీద రెండుసార్లు తట్టాను. సరే అని దానర్థం.

తువ్వాలు ఉపాయం నాదే. నా మెడలో ఎప్పుడూ ఒక ఎర్ర తువ్వాలు ఉంటుంది, గ్లాసులు తుడవడానికి. కౌంటరు హాలుకి ఒక పక్కన, మిక్సర్ హాలు వెనకాల, మధ్యలో పదడుగులు, తల తిప్పితే అతనికి నేను కనబడతాను. అది కుడిభుజం మీద వేస్తే గొంతు తగ్గించాలి. ఎడమభుజం మీదైతే గిటార్లు. నెత్తిన వేసుకుంటే అన్నీ లాగేయాలి. నెలరోజులు చిన్న చిన్న బ్యాండ్లతో సాధన చేశాం. చేపల మార్కెట్లో మూటలు మోసేదానిలా తువ్వాలు అటూ ఇటూ వేసుకుంటూ తిరిగాను. నాలుగుసార్లు కూత లేవబోయింది, నాలుగుసార్లూ గుటుక్కున మింగించాడు. మేమిద్దరం మహా తెలివైనవాళ్ళమని మురిసిపోయాం.

మే వచ్చింది. మా పద్ధతిలో సాయంత్రం చివర పాడేవాళ్ళు మధ్యాహ్నం మొదట రిహార్సల్ చేస్తారు. పన్నెండింటికి ఉవాబాకి స్టేజీ ఎక్కింది. “గుడ్ మార్నింగ్, బాబాయ్!” నలుగురూ అరిచారు. వతారు స్టేజీ దిగి వచ్చి కావలించుకున్నాడు. నికైదో నవ్వుతూ వాడి నెత్తిన ఒకటి మొట్టాడు. రిహార్సల్ అంతసేపూ నేను హాల్లోంచి కదలనని మాటిచ్చాను. ఏది మాట్లాడినా నేను విని, రాసి ఇవ్వాలి.

ఆఖరి పాట అవుతుండగా వెనక తలుపు దగ్గర బీరు పీపాలవాడు గంట కొట్టాడు. మూడొందలమంది వస్తున్నారు, పీపాలు లేకపోతే నా తల ఎగిరిపోతుంది. వెళ్ళి, సంతకం పెట్టి, పరిగెత్తుకుంటూ వచ్చాను. రెండు నిమిషాలు. నేనొచ్చేసరికి వతారు మైకులో “అంతే బాబాయ్, షోలో మీ దయ” అంటున్నాడు.

“మాదేముంది, మీ దయ” అన్నాడు నికైదో.

“ఏమన్నాడు?” అని పెదాలతో అడిగాను.

“ఎప్పుడూ అనేదే.”

నేను వెళ్ళి వతారుని అడగొచ్చు. ఏం చెప్పావురా అని ఒక్క మాట. అడగలేదు. ఎప్పుడూ అనేదే అయ్యుంటుందని నమ్మాను, నమ్మడం హాయిగా ఉంది కాబట్టి.

ఆరింటికి తలుపులు తీశారు. రెండొందలు పట్టే హాల్లో మూడొందలమంది. పరుపుల గోడలకి చెమట పట్టింది. పిల్లలు స్కూలు బూట్లు తెచ్చుకుని వేసుకున్నారు, మడమలు తొక్కి. ఉవాబాకి స్టేజీ మీదికి రాగానే నేలంతా ఎగిరింది. నికైదో చేతులు చూశాను. పదేళ్ళు చిన్నవైపోయాయి. “చలికాలం యూనిఫాం” పాట అయింది, “అమ్మకి చెప్పొద్దు” అయింది, నా తువ్వాలు మెడలోనే ఉండిపోయింది. ఒక్క కూత లేదు. ఏ గిటారుకి ఎప్పుడు చోటివ్వాలో అతని వేళ్ళు ముందే వెళ్ళి నిలబడ్డాయి. నాకు కళ్ళు చెమర్చాయి. ఇలాంటివాణ్ణి చెవులు లేవని ఇంటికి పంపేస్తారా అని కోపం కూడా వచ్చింది.

“ఆఖరి బస్సు పోనీ” మొదలైంది. మొదటి చరణం, రెండో చరణం. మూడోది అవుతూనే వతారు మైకు పట్టుకుని జనంలోకి దూకాడు.

పిల్లలు వాణ్ణి భుజాల మీదికి ఎత్తుకుని ఎడమవైపు పెద్ద స్పీకరు ముందుకి తీసుకెళ్ళారు. గిటార్లు ఆగాయి. డ్రమ్ములు ఆగాయి. వాడు నోరు తెరిచాడు. మైకు సరిగ్గా స్పీకరుకి ఎదురుగా ఉంది. కూత లేచింది.

మామూలు కూత కాదది. పళ్ళ కుదుళ్ళలోకి దిగిపోయింది. వతారు కంగారుపడి మైకు తలకాయని గుప్పిట్లో మూశాడు. అది ఇంకా పెరిగింది. హాల్లో మూడొందలమంది ఒక్కసారిగా చేతులెత్తారు, చెవులు మూసుకోవడానికి.

వెనకనుంచి నికైదోకి కనబడింది ఏమిటంటే, మూడో చరణం అయింది, డ్రమ్ములు గుండెలో ఆగాయి, చేతులు లేచాయి. అతను నాలుగేళ్ళుగా ఎదురుచూసిన క్షణం అది. నవ్వుతూ, బొటనవేలితో, వతారు గొంతు మీటని నెమ్మదిగా పైకి తోశాడు.

నేను తువ్వాలు నెత్తిన వేసుకుని కౌంటరు ఎక్కాను. అతను నన్ను చూడట్లేదు, చేతుల్ని చూస్తున్నాడు. అరిచాను. ఎవరికి వినబడుతుంది నా అరుపు, అతనికా? కిందికి దూకి జనంలో పడ్డాను. పదడుగులు. ఆ పదడుగులూ నన్ను దాటనివ్వలేదు. అందరూ తలలు పట్టుకుని వెనక్కి తోసుకొస్తున్నారు. అతను ఇంకొంచెం పైకి తోశాడు. ఎక్కడో ఒక పిల్ల పడిపోయింది. స్టేజీ మీదనుంచి గెంతా డ్రమ్ముల మీదుగా దూకి, మైకు తీగ పీకి పారేశాడు.

పన్నెండు సెకన్లు అని తర్వాత చెప్పారు.

నిశ్శబ్దం. పిల్లలు మెల్లగా చేతులు దించి, ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. మూడొందల ముఖాలు మిక్సర్ వైపు. నికైదో ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, వేలు మీట మీదే ఉంది. స్టేజీ వైపు చూసి, రెండో చెయ్యి ఎత్తి, వేళ్ళతో సున్నా చుట్టి చూపించాడు. బాగా వచ్చిందా అని.

ఎవరూ కదల్లేదు. అప్పుడతను నాకోసం వెతికాడు. నేను జనం మధ్యలో, నెత్తిన ఎర్ర తువ్వాలుతో ఉన్నాను. చూశాడు. ఆ నవ్వు అతని ముఖం మీదనుంచి ఎలా దిగిందో నేను చెప్పలేను. చెప్పడం ఇష్టం లేదు.

అన్ని మీటలూ ఒక్కొక్కటే వెనక్కి లాగాడు. కింద అంటించిన పేర్ల టేపు ముక్కలు ఒక్కొక్కటే పీకి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. లేచి, హాలుకి నాలుగువైపులా వంగి నమస్కరించాడు, వెళ్ళిపోయాడు. ఆ రాత్రి షో అక్కడితో ఆగింది.

వతారు నా కౌంటరు కింద కూర్చుని ఏడ్చాడు. “చెప్పాను కదక్కా. మధ్యాహ్నం మైకులో చెప్పాను. ఈసారి మూడో చరణంలో కిందికి దూకి స్పీకరు ముందుకొస్తా, అప్పుడు మాత్రం గొంతు ఎత్తకు, తగ్గించు బాబాయ్ అని. తలూపాడు. సరే అన్నాడు. బాబాయ్‌కి వినబడదని తెలిస్తే దూకేవాణ్ణా?”

బీరు పీపాల దగ్గర నేను సంతకం పెట్టిన రెండు నిమిషాలు అవే.

ఆ తర్వాత ఉవాబాకి ఆ పాట పాడినా ఆ చోట ఆపలేదట. గెంతా డ్రమ్ములు వాయిస్తూనే దాటించేసేవాడట.

పడిపోయిన పిల్ల పేరు మిజుహో, పదహారేళ్ళు. స్పీకరుకి ఆనుకుని నిలబడింది. ఎడమచెవిలో మోత తగ్గలేదు, సగం వినికిడి పోయింది. నికైదో, నేను స్వీట్ల పెట్టె పట్టుకుని వాళ్ళింటికి క్షమాపణ చెప్పడానికి వెళ్ళాం. మొదటిసారి తలుపు తీయలేదు. రెండోసారి వాళ్ళమ్మ పెట్టె తీసుకుని మాట్లాడకుండా మూసేసింది. మూడోసారి, జూలైలో, పొగమంచు వీధిని మింగేసిన ఒక మధ్యాహ్నం, గుమ్మం లోపలికి రానిచ్చింది.

మిజుహో స్కూలు బట్టల్లోనే వచ్చి మెట్టు మీద నిలబడింది. కుడిచెవి మావైపు పెట్టి, తల పక్కకి తిప్పి మాట్లాడింది. జుట్టు అడ్డుపడి ఆ పిల్ల పెదాలు నికైదోకి కనబడట్లేదు. కోపంగా లేదు. కోపంగా ఉన్నా బాగుండేది.

“ఆ పాట ఇంక వినలేకపోతున్నా. మొదలవగానే ఈ చెవిలో అరుపు మొదలవుతుంది” అంది. “స్కూల్లో నాతో ఎవరూ మాట్లాడరు. పొద్దున లేచి వెళ్ళాలంటే ఆ పాట పెట్టుకుని వెళ్ళేదాన్ని. నాకున్నది ఆ ఒక్కటే.”

నికైదో కోపం లేని ఆ ముఖం చూశాడు. క్షమించానంటోంది అనుకున్నాడు. నడుము విరిగేలా వంగి, “థాంక్స్ అమ్మా. చాలా సంతోషం” అన్నాడు.

ఆ పిల్ల నావైపు చూసింది. వాళ్ళమ్మ చూసింది. నేను అతని చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను.

బస్సులో పక్కపక్కన కూర్చున్నాం. కొంతసేపయ్యాక మోకాలితో నా మోకాలు తట్టాడు. “ఏమంది? మంచిపిల్ల. పోన్లెండి అంది కదా?”

చెవి బాగైందట, ఏమీ అనుకోవడం లేదట అని చెప్పెయ్యడం ఎంత తేలిక. నాలుక మీదికి వచ్చింది కూడా. కానీ ఈ మనిషికి నేను చేసిన మేలంతా అదేగా, నోరు మూసుకోవడం. దాని ఫలితం చూశాను. స్వీట్ల కొట్టువాడు ఇచ్చిన బిల్లు కాగితం తీసి, వెనకవైపు ఆ పిల్ల అన్నదంతా ఒక్క మాట వదలకుండా రాశాను. బస్సు కుదుపులకి అక్షరాలు వంకర పోయాయి. అతని చేతిలో పెట్టి కిటికీ వైపు తిరిగాను.

చాలాసేపు చదివాడు. దూరంగా ఓడ హారన్ మోగింది. అది అతనికి కూడా వినబడి ఉంటుంది.

“తోసింది నేనే కదా” అన్నాడు.

కాగితం మడిచి, టేపు ముక్కలున్న జేబులో పెట్టుకున్నాడు. తర్వాత కుడిచెయ్యి మోకాలి మీద పెట్టి, బొటనవేలు నెమ్మదిగా వెనక్కి జరిపాడు. మళ్ళీ ముందుకి తెచ్చి, మళ్ళీ వెనక్కి జరిపాడు. మా స్టాపు వచ్చేదాకా ఆ మీట దించుతూనే ఉన్నాడు.